క్రెతియెన్ ద త్రువా నైట్ కథలు ఎలా చదవాలి: మొదటి పేజీ నుంచి పాత ఫ్రెంచ్ లైన్ దాకా

"ఫ్రెంచ్ నైట్ కథలు చదవాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి, మొదలెట్టాక మధ్యలో ఎందుకు ఆగిపోతున్నాం" అని అడిగేవాళ్ళకి ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా చెప్తూ వచ్చా, ఇప్పుడు మొత్తం ఒకేచోట పెడుతున్నా. నైట్ అంటే రాత్రి కాదు, కవచం తొడిగి గుర్రం మీద పోరాడే వీరుడు. ఇది 12వ శతాబ్దం రెండో సగంలో ఫ్రెంచ్ కవి క్రెతియెన్ ద త్రువా పద్యంలో రాసిన అయిదు ఆర్థర్ కథల గురించి, అంటే బ్రిటన్ రాజు ఆర్థర్ కొలువు చుట్టూ తిరిగే కథల గురించి మాత్రమే. ఈ అయిదూ చదవడం వస్తే ఆ కాలంవి మిగతావి వాటంతటవే వస్తాయి.

ముందే ఒక మాట. ఈ కథల్లో కత్తి కన్నా ఇచ్చిన మాట పెద్దది. ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు, ఎప్పటికల్లా, తన పేరు చెప్పారా దాచారా, ఈ మూడూ పట్టుకుంటే కథ చేతికి దొరుకుతుంది, పట్టుకోకపోతే ఒక ఫైట్ అయ్యాక ఇంకో ఫైట్, ఒక కోట అయ్యాక ఇంకో కోట, మూడో రోజుకి బోర్ కొట్టి పక్కన పడేస్తారు. నేనూ పడేశా, అదీ చెప్తా.

కథల్లో ఏం జరుగుతుందో కింద చెప్పేస్తున్నా. సస్పెన్స్ కావాలంటే 4, 5, 8, 9 భాగాలు వదిలేసి తర్వాత రండి.

1. ముందు ఏం రెడీ చేసుకోవాలి

పుస్తకం: ఫ్రీగా కావాలంటే డబ్ల్యూ. డబ్ల్యూ. కంఫర్ట్ చేసిన ఇంగ్లీష్ వచన అనువాదం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉంది, 1914 నాటిది. భాష కాస్త పాతగా ఉంటుంది గానీ ఒక పెద్ద సుఖం ఏంటంటే పేరాల ముందు అసలు పద్యం లైన్ నంబర్లు ఇస్తాడు, అవి తర్వాత పనికొస్తాయి. అందులో నాలుగు కథలే ఉంటాయి, పెర్సెవాల్ ఉండదు.

కొనగలిగితే విలియం కిబ్లర్ అనువాదం, పెంగ్విన్ వాళ్ళది, 1991లో వచ్చింది. అయిదూ ఉంటాయి, ఎరెక్ కథ ఒక్కటి కార్ల్‌టన్ క్యారల్ చేశారు. ఇంగ్లీష్ తేలిక. పద్యంలాగే చదవాలనుకునేవాళ్ళకి రూత్ క్లైన్ ప్రాసతో చేసినవి ఉన్నాయి, కానీ మొదటిసారికి వచనమే తీసుకోండి.

కొనేముందు చెక్ చేసుకోండి:
- అనువాదకుడి పేరు కవర్ మీద ఉందా? లేకపోతే అది ఎవరో సొంతంగా కుదించి చెప్పిన కథ అయ్యుండొచ్చు. నేను ఒకసారి అలాగే బుక్ అయ్యా, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పిల్లల బొమ్మల పుస్తకం సైజులో వచ్చింది.
- లైన్ నంబర్లు ఉన్నాయా?
- అయిదు కథలా, నాలుగా?

నోట్‌బుక్ ఒకటి, పెన్ను. ఫోన్‌లో నోట్స్ వద్దు, పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాల్సి వస్తుంది.

టైమ్: ఇవేన్ కథ దాదాపు 6,800 లైన్లు. రోజుకి 400 లైన్లు పెట్టుకుంటే 17 రోజులు. వచన అనువాదంలో 400 లైన్లంటే అయిదారు పేజీలే. ఒక్క ఆదివారం కూర్చుని మొత్తం లాగించేద్దాం అనుకోకండి, వీటిని వినడానికి రాశారు, కొంచెం కొంచెంగా వినడానికి.

2. ఏ వరసలో చదవాలి

రాసిన వరస ఎరెక్‌తో మొదలవుతుంది, కానీ మనం ఆ వరస పాటించక్కర్లేదు. నా వరస ఇది:

- మొదట ఇవేన్ (సింహం వెంట ఉన్న నైట్). అయిదింట్లోకీ కథ గట్టిగా నిలబడేది ఇదే.
- వెంటనే లాన్సెలాట్ (బండి ఎక్కిన నైట్), 7,100 లైన్ల పైన. రెండూ జంట: ఇవేన్‌లో ఆర్థర్ మేనల్లుడు గవేన్ సాయం కావాల్సినప్పుడు దొరకడు, ఎందుకంటే ఎవడో ఎత్తుకుపోయిన రాణిని, అంటే ఆర్థర్ భార్యని, వెతకడానికి వెళ్ళాడు, ఆ ఎత్తుకుపోవడం ఈ కథలో ఉంది.
- తర్వాత ఎరెక్, ఎనీద్.
- ఆ తర్వాత పెర్సెవాల్, 9,000 లైన్లు దాటుతుంది, పూర్తి కాలేదు.
- చివర్లో క్లిజెస్. ఇది సగం గ్రీకు రాజ్యంలో జరుగుతుంది, ట్రిస్టన్ (మామ పెళ్ళాన్ని ప్రేమించిన నైట్) కథ తెలిసుంటే తప్ప అందులో వెటకారం పట్టుబడదు.

అంత ఓపిక లేదు, ముందు రుచి చూడాలి అంటే అదే కాలపు రచయిత్రి మరీ ద ఫ్రాన్స్ రాసిన చిన్న కథ లాన్వాల్ చదవండి, 650 లైన్లు కూడా ఉండదు, అదే ఛందస్సు, ఒక సాయంత్రంలో అయిపోతుంది.

పెర్సెవాల్‌తో మాత్రం మొదలెట్టొద్దు. గ్రెయిల్ అనే పేరు చూసి అందరూ అక్కడే దూకుతారు, నేనూ దూకా, ఫోన్‌లో పీడీఎఫ్ పెట్టుకుని. సగం అయ్యాక కథ పెర్సెవాల్‌ని వదిలేసి గవేన్ వెంట పడుతుంది, హీరో ఏడీ అని వెతుక్కుని వెతుక్కుని వదిలేశా, మళ్ళీ ముట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

3. బుర్రలోంచి తీసేయాల్సినవి

ఆర్థర్ అనగానే సినిమాలు, గేమ్‌లు నింపిన సామాను కొంత ఉంటుంది. అది దించేసి కూర్చోండి.

- రాతిలోంచి కత్తి లాగడం ఇక్కడ లేదు. ఆర్థర్ కత్తిగా పేరుపడ్డ ఎక్స్‌కాలిబర్ పెర్సెవాల్ కథలో కనిపిస్తుంది, అదీ గవేన్ నడుముకి.
- గ్రెయిల్ సాధించే నైట్ గాలహాడ్ లేడు, తర్వాతి శతాబ్దం వచన కథల్లో వస్తాడు.
- గ్రెయిల్ అంటే ఏసు తాగిన గిన్నె కాదు. క్రెతియెన్ దగ్గర అది వడ్డించే పళ్ళెం, వెడల్పుగా లోతుగా ఉండేది. చివరి భోజనంతో ముడిపెట్టింది తర్వాత వచ్చిన రోబెర్ ద బొరోన్ అనే కవి.
- క్లిజెస్ కథని పక్కన పెడితే, ఆర్థర్ యుద్ధాలు చేసే రాజు కాదు. కొలువు తీర్చి కూర్చుంటాడు, ఇవేన్ మొదట్లో అయితే భోజనం అయ్యాక గదిలోకెళ్ళి నిద్రపోతాడు కూడా.

4. మూడు గీతల నోట్‌బుక్

అసలు పద్ధతి ఇదే. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి: మాట, గడువు, పేరు. ఎవరైనా ప్రమాణం చేసినా, వరం ఇచ్చినా, షరతు పెట్టినా మొదటి దాంట్లో. ఎన్ని రోజుల్లో, ఏ పండగకి అన్నది రెండో దాంట్లో. ఎవరు పేరు చెప్పారు, ఎవరు దాచారు అన్నది మూడో దాంట్లో. ఫైట్లు రాయొద్దు, అవి గుర్తుంటాయి.

ఇవేన్ మీద ఎలా పనిచేస్తుందో చూడండి. పెంతెకోస్తు పండగ రోజు ఆర్థర్ కొలువులో కలోగ్రెనాన్ అనే నైట్ తన పరువు పోయిన కథ చెప్తాడు: అడవిలో ఒక ఊట ఉంది, పక్కన రాయి మీద నీళ్ళు పోస్తే తుఫాను రేగుతుంది, ఆ ఊటని కాసే నైట్ వచ్చి తన్ని పంపాడు. రాజు నిద్ర లేచి విని, 15 రోజుల్లో నేనే వెళ్తా, సెయింట్ జాన్ పండగ ముందురోజుకి అక్కడుంటా అంటాడు. రాసుకోండి: గడువు 15 రోజులు.

ఇవేన్ ఆగడు. రాజుతో వెళ్తే పోటీ ఛాన్స్ ఇంకెవడికో పోతుందని దొంగచాటుగా ముందే పోతాడు, ఊటని కాసే ఎస్క్లాదోస్‌ని చావుదెబ్బ కొడతాడు, వాడి కోటలోకి తరుముకుంటూ వెళ్తే పైనుంచి ఇనప తలుపు పడి గుర్రం రెండు ముక్కలవుతుంది, తను లోపల ఇరుక్కుంటాడు. లూనెత్ అనే చెలికత్తె ఉంగరం ఇచ్చి కనపడకుండా దాస్తుంది. కొద్ది రోజులకే ఎస్క్లాదోస్ భార్య లోదీన్ ఈ ఇవేన్‌నే పెళ్ళాడుతుంది.

ఇక్కడే అందరూ నోరెళ్ళబెడతారు, మొగుణ్ణి చంపినవాణ్ణి ఇంత తొందరగానా అని. గడువు గీత చూడండి. ఆర్థర్ వచ్చేస్తున్నాడు, ఊటని కాసేవాడు లేకపోతే రాజ్యం పోతుంది, లూనెత్ సరిగ్గా ఆ లెక్కే చెప్పి ఒప్పిస్తుంది. 15 రోజుల గడువు రాసుకోనివాళ్ళకి లోదీన్ తేలిక మనిషిలా కనిపిస్తుంది. రాసుకున్నవాళ్ళకి సంస్థానం నిలబెట్టుకోవడానికి తిప్పలు పడే దొరసానిలా కనిపిస్తుంది.

తర్వాత గవేన్ వచ్చి, పెళ్ళి కాగానే ఇంట్లో కూర్చుంటావా, పోటీలకి రా అని లాక్కుపోతాడు. లోదీన్ ఒక సంవత్సరం గడువిస్తుంది: సెయింట్ జాన్ పండగ వెళ్ళిన ఎనిమిదో రోజుకి తిరిగి రావాలి. ఆ పండగ జూన్ 24, అంటే జులై మొదట్లో. ఇవేన్‌కి ఆ సంగతి గుర్తొచ్చేసరికి ఆగస్టు సగం, కొలువులో కూర్చుని ఉండగా ఉలిక్కిపడతాడు. ఆరు వారాలు లేటు. అప్పుడే ఒక అమ్మాయి గుర్రం మీద వచ్చి అందరి ముందూ, లోదీన్ వెళ్ళేటప్పుడు ఇచ్చిన ఉంగరం లాక్కుని పోతుంది. పిచ్చెక్కి బట్టలు చింపుకుని అడవిపాలవుతాడు.

ఇప్పుడు రెండో సగం చదవండి, గడువులు ఎలా కొరుకుతాయో తెలుస్తుంది. పొద్దున రాక్షసుడు హార్పెన్‌తో పోరాడతానని ఒక ఇంటివాళ్ళకి మాటిచ్చాడు, మధ్యాహ్నానికి లూనెత్‌ని మంటల్లోంచి కాపాడతానని ఇంకో మాట. రాక్షసుడేమో రావడం లేదు, ఎండ ఎక్కుతోంది, ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నారు. ఏడాది గడువు మర్చిపోయినవాడికి ఇప్పుడు గంటలు లెక్కపెట్టుకోవాల్సిన గతి పట్టింది, ఆ సీన్ అంతా దీనికోసమే ఉంది.

పేరు గీత కూడా వదలొద్దు. ఉంగరం పోయాక ఇవేన్ పేరు చెప్పడం మానేస్తాడు, "సింహంతో ఉన్న నైట్" అనే చెప్పుకుంటాడు. లాన్సెలాట్‌లో హీరో పేరు దాదాపు సగం కథ దాకా మనకి తెలీదు, చెప్పేది రాణి. పెర్సెవాల్‌కి తన పేరే తెలీదు, గ్రెయిల్ కోటలో తప్పు చేసి బయటికొచ్చాక ఒక అమ్మాయి అడిగితే ఊహించి చెప్తాడు. పేరు ఎవరి నోట, ఎప్పుడు వచ్చిందో లైన్ నంబర్‌తో రాసుకోండి.

5. ఒక్కచోట ఆగి దగ్గరగా చూడటం

ప్రతి కథలో ఒక సీన్ ఎంచుకుని రెండోసారి నెమ్మదిగా చదవండి. ఇవేన్‌లో అయితే పట్టు నేసే అమ్మాయిల సీన్.

ఒక కోటలో కంచె వెనక 300 మంది అమ్మాయిలు పట్టు, బంగారు దారంతో పని చేస్తుంటారు, బట్టలు చిరిగి, మెడలు సన్నబడి. వాళ్ళలో ఒకామె లెక్క చెప్తుంది: మా చేతి పనిలో లీవ్ర్‌కి మాకొచ్చేది 4 దెనియేలు. ఒక లీవ్ర్ అంటే 20 సూలు, అంటే 240 దెనియేలు. భాగించండి, 60లో 1 వంతు. నేత పని చూసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఇక్కడ ఆగకుండా వెళ్ళలేరు.

ఆగాక పేజీ తిప్పండి. అదే కోట తోటలో దొరగారు పట్టుబట్ట మీద మోచెయ్యి ఆన్చి పడుకున్నాడు, కూతురు ఆయనకి ఒక రొమాన్స్ చదివి వినిపిస్తోంది, వాళ్ళమ్మ కూడా వచ్చి వింటోంది. అంటే మనం చదువుతున్నలాంటి కథే. పట్టు నేసేవాళ్ళు ఒక పక్క, పట్టు మీద పడుకుని కథ వినేవాళ్ళు ఒక పక్క, క్రెతియెన్ ఒక్క కామెంట్ కూడా చెయ్యడు. ఫైట్ కోసం గబగబా పేజీలు తిప్పేవాళ్ళకి మిస్సయ్యేది ఇదే.

దగ్గరగా చదివేటప్పుడు అడగాల్సినవి:
- ఎవరు ఏం కట్టుకున్నారు, ఎవరు ఏం తిన్నారు?
- గుర్రం ఏ రకం? దెస్త్రియే యుద్ధానికి, పలెఫ్రువా ప్రయాణానికి, రొన్సెన్ బరువులు మోయడానికి. నైట్‌ని రొన్సెన్ ఎక్కించారంటే అవమానిస్తున్నారన్నమాట.
- దీని ముందు సీన్, తర్వాత సీన్ పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తోంది?

6. ముందే నేర్చుకోవాల్సిన నాలుగు మాటలు

అవెంత్యూర్: సాహసం అని అనువదిస్తే సగమే. ఎదురొచ్చేది, తలరాతలా వచ్చి పడేది అని చదవండి.

కుస్త్యూమ్: ఒక కోట లేదా ఊరి కట్టుబాటు. "ఇక్కడికొచ్చినవాడు ఇలా చెయ్యాలి" అని ఉంటుంది, ఎందుకని అడగరు.

రెక్రెయాన్: ఓడిపోయానని ఒప్పుకున్నవాడు, చేతులెత్తేసినవాడు. ఎరెక్ పెళ్ళయ్యాక ఇల్లు కదలట్లేదని జనం గొణిగేది ఈ మాటే. ఎనీద్ అది విని ఏడవడంతో మిగతా కథంతా మొదలవుతుంది.

ముందే ఇచ్చేసే వరం: ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, దశరథుడు పడిన గొయ్యే. ఏం అడుగుతారో తెలీకుండా సరే అనడం, తర్వాత మాట తప్పలేక చూస్తూ కూర్చోవడం. లాన్సెలాట్ మొదట్లో కే అనేవాడు ఉద్యోగం మానేస్తానని బెదిరించి ఆర్థర్ దగ్గర ఇలాగే మాట తీసుకుని, రాణిని నాతో పంపు అంటాడు. ఇంగ్లీష్ పాఠకులు ఆర్థర్‌కి బుద్ధి లేదా అనుకుంటారు, మనం కైకేయి దగ్గరే పాస్ అయిపోయాం కాబట్టి ఆ సీన్ నేరుగా తగులుతుంది.

ఆధునిక ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్ళకి ఒక హెచ్చరిక: "మెర్సీ" అంటే ఇక్కడ థ్యాంక్స్ ఒక్కటే కాదు, కిందపడ్డ నైట్ ఆ మాట అన్నాడంటే దయచూపు, చంపకు అని.

7. పాత ఫ్రెంచ్ రెండు లైన్లు నోట్లో వేసుకోవడం

భయపడకండి, రెండే లైన్లు. ఇవేన్ మొదలు:

ఆర్తూస్, లి బోన్స్ రోయిస్ దె బ్రెతేన్య,
ల కుయ్ ప్రొఎస్సె నొస్ ఎన్సేన్య

అర్థం: బ్రిటన్ మంచి రాజు ఆర్తూస్ (ఆర్థర్), ఆయన పరాక్రమం మనకి నేర్పుతోంది. ఏం నేర్పుతోందో మూడో లైన్లో: మనమూ పరాక్రమంతో, మర్యాదతో ఉండాలని.

ఇలా చెయ్యండి:
- వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టండి. ఆర్, తూస్, లి, బోన్స్, రోయిస్, దె, బ్రె, తేన్: ఎనిమిది. చివరి మెత్తటి "య" లెక్కలోకి రాదు. గురులఘువులు లేవు, ఎనిమిది ఉంటే చాలు.
- చివరలు చూడండి: బ్రెతేన్య, ఎన్సేన్య. రెండేసి లైన్లు జతగా నడుస్తాయి. మన ద్విపద నడక తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే పడుతుంది, తేడా ఏంటంటే ద్విపదలో ప్రాస రెండో అక్షరం దగ్గర, ఇక్కడ లైన్ చివర.
- "లి రోయిస్" లో చివరి స్ చూడండి. అది బహువచనం కాదు, కర్త గుర్తు. రాజే పని చేస్తే లి రోయిస్, రాజుని ఎవరైనా ఏదైనా చేస్తే లె రోయి. రాముడు, రాముణ్ణి అన్నట్టే. అందుకే మాటలు అటూ ఇటూ మారినా అర్థం పోదు, ఇది మనవాళ్ళకి ఇంగ్లీష్‌వాళ్ళ కన్నా తేలిక.

ఇంకో పది లైన్లు కావాలంటే కంఫర్ట్ ఇచ్చిన నంబర్ పట్టుకుని ఒరిజినల్‌లో వెతకండి. నంబర్లు కొంచెం అటూ ఇటూ అయితే మీ తప్పు కాదు, రాతప్రతుల్లో లైన్లు తేడా ఉంటాయి, ఒక్కో ఎడిషన్ ఒక్కో ప్రతిని నమ్ముకుంటుంది. ఎక్కువమంది వాడేది గియో అనే లేఖకుడు 13వ శతాబ్దం మొదటి సగంలో రాసిన ప్రతి, పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఫ్రెంచ్ 794 నంబర్. పదాలకి ఆన్‌లైన్‌లో క్రెతియెన్ కోసమే కట్టిన ఫ్రెంచ్ నిఘంటువు ఉంది, డీఈసీటీ (DECT) అని వెతకండి.

8. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి రిపేరు

తప్పు: పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాలనుకోవడం. ఎరెక్‌లో నైట్ల లిస్టు ఒకటి వస్తుంది, అక్కడే సగం మంది ఔట్. రిపేరు: లిస్టు బయటికి ఒకసారి చదివేసి ముందుకెళ్ళండి. గవేన్, కే, రాణి, ఈ ముగ్గురు చాలు.

తప్పు: కథ వర్తమానంలోకీ భూతకాలంలోకీ గెంతుతుంటే అనువాదం బాలేదనుకోవడం. ఒరిజినల్లోనే అలా ఉంటుంది. మన ఇంట్లో అమ్మమ్మ చెప్పినా "వెళ్ళాడు, తలుపు తీశాడు, చూస్తే ఏముంది, పాము బుస కొడుతోంది" అనే చెప్తుంది.

తప్పు: నువ్వు, మీరు తేడాల మీద సిద్ధాంతాలు కట్టడం. పాత ఫ్రెంచ్‌లో ఒకే డైలాగులో రెండూ కలిసిపోతాయి. మరీ గట్టిగా మారినచోట మాత్రం గుర్తు పెట్టుకోండి.

తప్పు: లాన్సెలాట్‌ని సీరియస్ ప్రేమకథగానో, పూర్తి కామెడీగానో ముందే తేల్చేసుకోవడం. బండి ఎక్కేముందు అతను రెండు అడుగుల సేపు వెనకాడతాడు, నేరస్తుల్ని తిప్పే బండి అది, ఎక్కితే పరువు పోతుంది. కత్తి అంచు మీద వంతెన దాటి, చేతులూ కాళ్ళూ కోసుకుని వస్తే రాణి మొహం తిప్పుకుంటుంది. ఎందుకని తర్వాత అడిగితే, ఆ రెండు అడుగులు ఎందుకు ఆగావు అంటుంది. నవ్వొస్తే నవ్వండి, బాధేస్తే బాధపడండి, పక్కన గుర్తు పెట్టుకుని సాగండి. చివరి వెయ్యి లైన్లు గోద్‌ఫ్రువా ద లన్యీ అనే ఇంకొకాయన పూర్తి చేశాడని ఆయనే చెప్పుకున్నాడు, అక్కడ ఊపు తగ్గినట్టు అనిపిస్తే మీ ఒక్కరికే కాదు.

తప్పు: కళ్ళతోనే చదవడం. రోజూ ఒక పేజీ అయినా పైకి చదవండి, ఇంట్లో వినేవాళ్ళుంటే ఇంకా మంచిది. కలోగ్రెనాన్ కథ మొదలెట్టేముందు చెవులు ఒక్కటే ఇస్తే చాలదు, మనసు కూడా ఇవ్వండని అడిగేది శ్రోతల్నే.

9. పెర్సెవాల్ దగ్గరికి వచ్చాక

మూడు కథలు అయ్యాయి కాబట్టి ఇప్పుడు రెడీ. నోట్‌బుక్‌లో నాలుగో గీత ఒకటి కలపండి: ఎవరు ఏం సలహా ఇచ్చారు. వాళ్ళమ్మ ఏం చెప్పింది, యుద్ధవిద్య నేర్పిన గోర్నమాన్ ఏం చెప్పాడు. ఎక్కువ మాట్లాడొద్దన్న గోర్నమాన్ సలహా పట్టుకుని, గ్రెయిల్ కోటలో ఈటె మొన నుంచి రక్తం ఎందుకు కారుతోంది, ఈ పళ్ళెం ఎవరికి తీసుకెళ్తున్నారు అని అడక్కుండా కూర్చుంటాడు. అడిగుంటే కాలు చచ్చుబడ్డ రాజుకి నయమయ్యేది.

మంచు మీద మూడు రక్తపు చుక్కల సీన్ రెండుసార్లు చదవండి. గవేన్ కథ మొదలయ్యే చోట పేజీకి మడత పెట్టండి, నేను ఆగిపోయింది అక్కడే. అక్కణ్ణుంచి గవేన్‌కి వేరే పేజీ తెరిచి మళ్ళీ మూడు గీతలు గీయండి, పెర్సెవాల్ మధ్యలో ఒక్కసారి, గుడ్ ఫ్రైడే రోజు, అయిదేళ్ళు దేవుణ్ణి మర్చిపోయి తిరిగినవాడిగా కనిపించి వెళ్ళిపోతాడు.

చివరికి పుస్తకంలో పేజీలు పోయాయని అనుకోకండి. ఆర్థర్ కొలువుకి గవేన్ పంపిన కుర్రాడు వస్తాడు, ఒకామె పై నుంచి ఆ గోల చూసి కంగారుగా రాణి దగ్గరికి పరిగెడుతుంది, రాణి ఏమైందని అడుగుతుంది. ఆ ప్రశ్న దగ్గర క్రెతియెన్ ఆగిపోయాడు. తర్వాత నలుగురు నాలుగు రకాలుగా పొడిగించారు గానీ, అవి ముట్టుకునే ముందు ఒక వారం గ్యాప్ ఇవ్వండి.